లిండాల్వా కోసిన పదకొండో ముక్క

లిండాల్వా కోపమొస్తే అరిచే రకం కాదు. అరిచేవాళ్ళతో బాధ లేదు. సాయంత్రానికి చల్లబడిపోయి వాళ్ళే కాఫీకి పిలుస్తారు. ఈమె అలా కాదు. ఆరేళ్ళ కిందట అడెల్మో విలార్ మీద వచ్చిన కోపాన్ని మూత పెట్టి దాచుకుంది. రోజుకొకసారి మూత తీసి, పాడవలేదని చూసుకుని, మళ్ళీ పెట్టేది.

కంపీనా గ్రాండీ ఊరి చివర గుట్టమీద ఉన్న కంపెనీలో అడెల్మో పెద్ద, ఆమె అతని కింద మనిషి. అక్కడ తయారయ్యేది ఒక ఆపరేటింగ్ సిస్టం. మన ఇళ్ళలో కంప్యూటర్లలో ఉండేలాంటిది కాదు. ఇళ్ళలోది అన్ని పనులూ తెలిసిన మనిషి, పాట పెట్టమంటే పెడుతుంది, ఉత్తరం రాయమంటే రాస్తుంది, అందుకే దానికి అంత బరువు. గుట్టమీది దానికి వచ్చింది ఒక్కటే పని. పరాయిబా రాష్ట్రం నుంచి బయీయా దాకా ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో చెప్పడం, సెకనుకి రెండు లక్షలమంది ఒకేసారి అడిగినా తడుముకోకుండా చెప్పడం. పెళ్ళివంటవాడికి వంద గిన్నెలు కావాలి. వీధి మూలన బండి పెట్టుకుని తాపియోకా అట్లు మాత్రమే పోసే ఆమెకి ఒక పెనం, ఒక గరిటె చాలు. గుట్టమీద తయారైంది ఆ బండిలాంటిది. దానికి కర్కరా అని పేరు. ఎండు నేలల మీద తిరిగే గద్ద పేరు అది.

ఆ పేరు పెట్టింది జెనైదా. కర్కరాని మొదట ఊహించింది కూడా ఆవిడే. పొట్టి మనిషి, పెద్ద గొంతు. లిండాల్వా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకి అక్షరం అక్షరం నేర్పింది ఆవిడే. ఎందుకు నేర్పుతున్నారని అడిగితే, "నువ్వు అడిగిందానికే జవాబు చెప్తావే పిల్లా, అడగనిది చెప్పవు. మాకు కావాల్సింది అదే" అంది.

జెనైదా పెట్టిన ఆచారం ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని శుక్రవారం కోత అంటారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ పొడుగు బల్ల చుట్టూ కూర్చుంటారు. కర్కరాలో ఏదైనా ప్రోగ్రాం ముక్క పని లేకుండా సమయం తింటోందని ఎవరైనా అంకెలతో చూపించవచ్చు. దాన్ని రాసినవాళ్ళు ఎదురుగా కూర్చుని అది ఎందుకు కావాలో చెప్పుకోవాలి. చెప్పుకోలేకపోతే అక్కడికక్కడే తీసేస్తారు. ఓడినవాళ్ళు సోమవారం అందరికీ మొక్కజొన్న కేకు తేవాలి. పెద్దా చిన్నా తేడా లేదు. జెనైదా కూడా రెండుసార్లు తెచ్చింది, రెండుసార్లూ నవ్వుతూ తెచ్చింది.

ఇక జరిగిన అన్యాయం సంగతి. కర్కరాలో వాకిలి అని ఒక భాగం ఉంది. బయటినుంచి వచ్చే ప్రశ్నని మధ్యలో ఎవరి చేతులూ మారకుండా నేరుగా లోపలికి తెచ్చే భాగం. కర్కరా వేగమంతా దాంట్లోనే ఉంది. దాన్ని జెనైదా రాసింది, రాస్తుండగా లిండాల్వా పక్క కుర్చీలో కూర్చుని చూసింది. ఆ ఏడాది అడెల్మో సావ్ పావ్లో వెళ్ళి, వేదికెక్కి, వాకిలి తన ఆలోచన అని చెప్పి, బహుమతి పుచ్చుకుని వచ్చాడు. పత్రికలో ఫొటో పడింది. జెనైదా ఆ పత్రిక పట్టుకుని ఆఫీసు మధ్యలో నిలబడింది.

"ఏమయ్యా అడెల్మో, వాకిలి నేను కదా రాసింది?"

అడెల్మో లేచి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, పిచ్చిదాన్ని బుజ్జగించినట్టు మాట్లాడాడు. "అమ్మా, మీకీమధ్య మతిమరుపు ఎక్కువైంది. మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని గంటసేపు వెతికారు. పెద్దవారైపోయారు, కాస్త విశ్రాంతి తీసుకోండి."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో లిండాల్వా కూడా ఉంది.

ఎందుకు నవ్విందో ఆమెకే తెలియదు. కొత్త ఉద్యోగం, పక్కవాళ్ళు నవ్వారు, కళ్ళజోడు సంగతి నిజమే. నవ్వు బయటికొచ్చేసింది. జెనైదా అందర్నీ ఒకసారి చూసి, పత్రిక మడిచి బల్లమీద పెట్టి, తన సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ గుట్ట ఎక్కలేదు. లిండాల్వా పగ ఆ మధ్యాహ్నం పుట్టింది. అందులో సగం అడెల్మో మీద. మిగతా సగం ఎవరిమీదో చెప్పక్కర్లేదు.

ఫిర్యాదు రాస్తే లాభం లేదు. అందుకునేది అడెల్మోనే. కంపెనీ వదిలి పోతే అతనికి సుఖం. ఆమె ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టింది. కర్కరాలో ప్రతి ముక్క మొదట్లో రాసినవారి పేరుంటుంది. వెతికితే వాకిలి కాక అడెల్మో పేరుతో పదకొండు ముక్కలు తేలాయి, అన్నీ ఆమె చేరకముందువే. ఆ పదకొండు పేర్లూ ఒక కాగితం మీద రాసుకుంది. వాకిలి ఎలాగూ అతని చేతికి పోయింది. మిగతా వాటిలో అతని అక్షరం ఒక్కటి మిగలనివ్వకూడదు. శుక్రవారం కోతలో, అందరిముందూ, న్యాయంగా, జెనైదా పెట్టిన ఆచారంతోనే.

ముందు మూడేళ్ళు పని నేర్చుకుంది. కోత మొదలుపెట్టింది ఆ తర్వాతే.

మొదటిది వచ్చిన ప్రతి ప్రశ్ననీ రాసి దాచే ముక్క. లిండాల్వా అంకెలు గోడమీద చూపించి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఈ రాతలు ఎవరు చదువుతారండీ?"

"అవసరమొస్తే చదువుతాం" అన్నాడు అడెల్మో.

"ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వచ్చిందండీ అవసరం?"

అడెల్మో గడియారం చూసుకున్నాడు. ముక్క పోయింది.

రెండోది లోపలికి వచ్చేవాళ్ళు ఎవరో అడిగి తెలుసుకునే ముక్క. "దీంట్లోకి ఎవరూ లాగిన్ అవరు. లోపల మనుషులే లేరు కదండీ, కాపలా ఎవరికి?" అంది లిండాల్వా. బల్ల చుట్టూ నవ్వులు. అడెల్మో కూడా నవ్వాడు. సోమవారం కేకు వచ్చింది, అతను స్వయంగా కోసి పంచాడు. ఆ నవ్వు చూస్తే లిండాల్వాకి ఒళ్ళు మండిపోయేది. ఓడినవాడు నవ్వకూడదు. జెనైదా నవ్విందంటే ఆవిడ వేరు.

ఇంకా ఒళ్ళు మండే సంగతి మరొకటి ఉంది. ఒక్కో ముక్క పోయినకొద్దీ కర్కరా వేగం పెరిగింది. వేగం పెరిగినకొద్దీ అడెల్మోని సభలకి పిలిచారు. ఆమె కోస్తుంటే అతను వేదికల మీద నిలబడి, "మా పద్ధతి ఏమిటంటే, అక్కర్లేనిది తీసెయ్యడం" అని ఉపన్యాసాలిచ్చాడు. అయినా ఆమె ఆగలేదు. పోనీ, చప్పట్లు కొట్టించుకోనీ. లోపల మాత్రం అతనిది ఏదీ ఉండదు. ఒకరోజు ఎవరైనా "ఇందులో నువ్వు రాసిందేదయ్యా" అని అడుగుతారు, చూపించడానికి ఒక్క వాక్యం దొరకదు. ఆ రోజు అతని మొహం చూడాలి. దానికోసం ఎన్ని శుక్రవారాలైనా కూర్చోవచ్చు.

మూడో ఏడాది జనవరి నెలకి పది పోయాయి. మిగిలింది పదకొండోది, షెడ్యూలర్.

ఎన్ని పనులుంటే ఏది ముందు, ఏది వెనక, ఎవరికి ఎంతసేపు అని నిర్ణయించే ముక్క అది. పందొమ్మిది వందల వాక్యాలు. పైన, అందరికీ కనిపించేలా, "రచన: అడెల్మో విలార్" అని ఉంది. కర్కరా మొత్తంలో వాకిలి తర్వాత గొప్పది అదేనని పేరు. దానిమీద చెయ్యి వేసే ధైర్యం ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు.

లిండాల్వా నాలుగు నెలలు దాని చుట్టూ తిరిగింది. దాన్ని చదవలేదు. అడెల్మో రాసింది చదవడం ఆమెకి ఇష్టం లేదు. ఎంత సమయం తింటోందో కొలిచింది, అంతే. కొలవగా కొలవగా ఒక ఊహ తట్టింది. ఇప్పుడు ఒక్కో యంత్రంలో అరవైనాలుగు ప్రాసెసర్లు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో వరస ఇచ్చేసి, నీ వరసలో వచ్చినవాళ్ళని మొదలుపెట్టి పూర్తిచేసి పంపించు, పక్కవాడి వరస నీకక్కర్లేదు అని చెప్తే సరి. అప్పుడు వంతులే ఉండవు. వంతులు లేకపోతే వంతులు పంచే పెద్దమనిషి ఎందుకు?

చేసి చూసింది. నూటికి పద్దెనిమిది వంతుల సమయం ఆదా అయింది. ఆమె ఆ అంకెని చూసి కుర్చీలో వెనక్కి వాలి, గట్టిగా, ఒంటరిగా నవ్వింది.

జూన్ మూడో శుక్రవారం కోతకి ఆ అంకె తీసుకెళ్ళింది. అడెల్మో ఏమేం అడుగుతాడో ఊహించి నలభై జవాబులు సిద్ధం చేసుకుంది. ఒక వరసలో జనం ఎక్కువై పక్క వరస ఖాళీగా ఉంటే ఏం చేస్తావు? యంత్రం ఒకటి మధ్యలో పాడైతే? అన్నిటికీ జవాబులున్నాయి. అంకెలు చూపించడం అయ్యాక అతనికేసి తిరిగింది.

అడెల్మో పెన్ను మూత పెట్టుకున్నాడు. "తీసేయండి."

"మీరేమీ అనరా?"

"ఏమంటాం లిండాల్వా గారూ? అంకెలు మీవైపున్నాయి."

"అది కాదండీ, ఒక్క ప్రశ్నైనా..." ఆమె గొంతు పెరిగింది. "పందొమ్మిది వందల వాక్యాలండీ. మీరు రాసినవి!"

"అయితే ఏమైంది? అక్కర్లేదంటున్నారుగా." అతను లేచి కోటు సర్దుకున్నాడు. "సోమవారం కేకు రెండు పెద్దవి తెప్పిస్తాను. ఇంత పెద్ద ముక్కకి ఒకటి సరిపోదు."

పక్కన కూర్చునే టార్సియో పొట్ట నిమురుకుంటూ ఆమె చెవిలో అన్నాడు. "మూడేళ్ళుగా ఈయన కేకులు తిని నా ప్యాంట్లు పట్టట్లేదు లిండా. ఇంకేమైనా మిగిల్చావా?"

"ఏం లేదు. ఖాళీ" అంది లిండాల్వా. లోపల కుళ్ళిపోతున్నాడు, పైకి గంభీరం నటిస్తున్నాడు అనుకుంది. అలా అనుకోవడం ఆమెకి అవసరం. ఆరేళ్ళ పగ తీరినప్పుడు ఎదుటివాడు కోటు సర్దుకుని వెళ్ళిపోతే ఎవరికి మాత్రం తృప్తిగా ఉంటుంది?

తృప్తి ఇంకో చోట దొరుకుతుందని ఆమెకి తెలుసు. జూన్ ఇరవైమూడు, సావ్ జువావ్ పండుగ ముందురోజు. ఆ పూట ప్రతి ఇంటి ముందూ మంట వేస్తారు. లిండాల్వా షెడ్యూలర్ మొత్తాన్ని కాగితాల మీద అచ్చు వేయించింది. బొత్తి ఒక పుస్తకమంత అయింది. దాన్ని సంచీలో పెట్టుకుని జెనైదా ఉండే లగోవ సేకా బస్సెక్కింది. ఈ ఆరేళ్ళలో ఆమె జెనైదా ఇంటికి పండగలకీ పుట్టినరోజులకీ వెళ్తూనే ఉంది, కానీ ఇద్దరూ కర్కరా మాట ఎత్తేవారు కాదు. ఒకసారి లిండాల్వా ఎత్తబోతే జెనైదా "వదిలెయ్యవే, నిమ్మచెట్టు సంగతి చెప్పు" అంది. ఈ కోతల సంగతి ఆవిడకి ఇంతవరకు తెలియదు. అంతా అయ్యాక ఒక్కసారే చెప్పాలని లిండాల్వా దాచిపెట్టింది.

వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. జెనైదా అప్పుడే మంట అంటించి, ముక్కాలిపీట మీద కూర్చుని మొక్కజొన్న కండెలు వలుస్తోంది. వీధంతా పొగ, ఎక్కడో అకార్డియన్.

"రావే పిల్లా. సంచీలో ఏమిటి, పమోన్యా తెచ్చావా?"

"అంతకన్నా రుచైంది తెచ్చాను టీచరమ్మా." లిండాల్వా బొత్తి బయటికి తీసింది. "అడెల్మో షెడ్యూలర్. మొన్న శుక్రవారం కోసి పారేశాను. కర్కరాలో వాడిది ఇంక ఒక్క ముక్క లేదు. పదకొండూ పీకేశాను, అందరిముందూ, మీ పద్ధతిలోనే. మిమ్మల్ని ఆ రోజు అన్న మాటకి..." మంటకేసి తిరిగింది. "నేను నవ్వాను ఆ రోజు. మీరు చూశారు. నాకు తెలుసు మీరు చూశారని."

"చూశాను" అంది జెనైదా. "చిన్నపిల్లవి. ఎప్పుడో మర్చిపోయాను."

"నేను మర్చిపోలేదు. అందుకే ఇది." పైనుంచి గుప్పెడు కాగితాలు తీసి మంటలో పడేసింది. అవి ముడుచుకుని, నల్లబడి, ఒక్కసారిగా లేచి మండాయి. ఆరేళ్ళలో ఆమెకి అంత హాయి ఎప్పుడూ కలగలేదు. "మీరూ వెయ్యండి. మీ చేత్తో. తగలబడనీ వాడి బతుకు."

తను మానేశాక వాడు రాసుకున్నదేమో అనుకుని జెనైదా నవ్వుతూ ఒక కాగితం అందుకుంది. వెయ్యబోయి, అలవాటుకొద్దీ, మంట వెలుగులో ఒకసారి చూసింది. చూసి, ఇంకా దగ్గరగా పెట్టుకుంది. ఇంకోటి తీసుకుంది. మొక్కజొన్న కండె ఒళ్ళోంచి జారి కింద పడింది.

"ఇవన్నీ కోశావా?"

"అన్నీ!"

"ఎంత ఆదా అయింది?"

"నూటికి పద్దెనిమిది."

"పద్దెనిమిదా!" జెనైదా మొహం ఒక్క క్షణం పాత రోజుల్లోలా వెలిగిపోయింది. "ఎలా చేశావు? ఆగు, ఆగు, నేను చెప్తాను. ఒక్కో ప్రాసెసర్‌కి ఒక్కో వరస ఇచ్చేశావు. అవునా? మా రోజుల్లో నాలుగే ఉండేవి, వంతులు వెయ్యక తప్పేది కాదు. ఇప్పుడు ఎన్ని?"

"అరవైనాలుగు."

"అదీ సంగతి. అయితే అక్కర్లేదు. నిజమే, అక్కర్లేదు." ఆవిడ చేతిలో కాగితం వైపే చూస్తోంది. ప్రోగ్రాం పక్కన నోట్‌గా రాసి ఉన్న ఒక వాక్యం కింద వేలితో గీత గీస్తున్నట్టు జరిపింది. "'తొందరపడకు, వెనకున్నవాడు పొద్దున్నుంచీ నిలబడ్డాడు.' ఇది రాసిన రోజు వాన. మా అమ్మాయికి జ్వరం. ఆఫీసుకే తీసుకొచ్చి బల్లకింద పడుకోబెట్టి రాశాను."

లిండాల్వాకి మొదట అర్థం కాలేదు. అర్థమవుతూ ఉండగా కూడా అర్థం కాకూడదనుకుంది.

"పైన వాడి పేరుంది కదా టీచరమ్మా."

"పేర్లు మార్చడం ఎంతసేపు?"

"మరి మీరు వాకిలి ఒక్కటే కదా అడిగారు!"

"ఒక్కటి అడిగితేనే మతిపోయిందన్నారు. పన్నెండూ అడిగితే ఏమనేవాళ్ళు?"

"పన్నెండూ..." లిండాల్వా వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "ఆ మిగతా పదీ కూడానా?"

జెనైదా కింద పడ్డ కండె తీసి దులిపింది. చెప్పాల్సిన పనీ లేదు. ఆ బల్ల దగ్గర అడెల్మో ఒక్కసారి కూడా వాదించకపోవడం, గడియారం చూసుకోవడం, పెన్ను మూత పెట్టుకోవడం అన్నీ లిండాల్వా కళ్ళముందు వరసగా కదిలాయి. తను గెలుస్తున్నానని అనుకుంది. తను రాయనిదాన్ని ఎలా కాపాడుకోవాలో అతనికి తెలియదు, అంతే సంగతి. కాపాడుకోగలిగిన మనిషి ఆ బల్ల దగ్గర లేదు. ఆవిడ ఈ పీటమీద కూర్చుని మొక్కజొన్నలు వలుస్తోంది.

"అయితే వాడు రాసింది ఏముంది అందులో?"

"ఏముంటుంది? వాడి పేరు."

"మళ్ళీ పెట్టేస్తాను. పాత ప్రతులు ఉంటాయి. ఈ సోమవారమే అందరికీ చెప్పి మళ్ళీ పెట్టేస్తాను!"

"ఏమని పెడతావే? పద్దెనిమిది నెమ్మదవుతుంది, అయినా పెట్టండి, మా ముసలావిడ రాసిందీ అని చెప్తావా?" జెనైదా గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండునని లిండాల్వాకి అనిపించింది. "నువ్వు కోసింది సరిగ్గా కోశావు. నేనున్నా కోసేదాన్నే. ఒక్క మాట నాకు చెప్పి ఉంటే నా చేత్తో నేనే తీసేదాన్ని."

రోడ్డు మీద ఊళ్ళకి పోయేవాళ్ళతో కిక్కిరిసిన బస్సొకటి వెళ్ళింది. కిటికీల్లోంచి పిల్లలు మంటలు చూసి కేకలు వేశారు. జెనైదా అది మలుపు తిరిగేదాకా చూసింది.

"బస్సు వెళ్ళినప్పుడల్లా అనుకునేదాన్ని" అంది. "వీళ్ళందరికీ సీట్లు చెప్పింది నేనే కదా అని. పేరు ఎవరిదైతే ఏమిటి, నాది నడుస్తోంది కదా అని. ఎవరికీ చెప్పలేదనుకో. ఊరికే, నాలో నేనే అనుకునేదాన్ని."

లిండాల్వా అడెల్మోని తిట్టడానికి నోరు తెరిచింది. ఆ తిట్లు ఇప్పుడు తనకే తగులుతాయని తెలిసి మూసుకుంది.

"ఆ మిగతావి ఇలా ఇవ్వు" అంది జెనైదా చెయ్యి చాస్తూ. "మంట తగ్గుతోంది, కండెలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి."

లిండాల్వా బొత్తిని గుండెకి హత్తుకుని ఇవ్వనంది. జెనైదా ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తీసుకుంది. పీట మంటకి దగ్గరగా జరుపుకుని, ఒక్కో కాగితం పైనుంచి కిందిదాకా చదివి, చదివినదాన్ని మంటలో వేస్తూ కూర్చుంది.